నిద్రకు కాపలా కాసే నేర్పు

గురక పెడితే హాయిగా నిద్రపోతున్నట్టే అనుకునే ఇళ్లు మనకింకా చాలా ఉన్నాయి. గొంతు కండరాలు సడలి గాలిదారి మూసుకుపోతే ఊపిరి 10 సెకన్లో, అంతకన్నా ఎక్కువో ఆగుతుంది. మెదడు ఉలిక్కిపడి లేపుతుంది. మళ్లీ అదే తంతు. ఈ అంతరాయాలు గంటకు 30కి చేరితే అది తీవ్రమైన స్లీప్ ఆప్నియా. మాస్కులోంచి పంపే గాలి ఒత్తిడితో ఆ దారిని తెరిచి ఉంచే సీప్యాప్ పద్ధతిని ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సలివన్ బృందం 1981లో లాన్సెట్ పత్రికలో ప్రకటించింది. దాన్ని మనిషికి మప్పే పని మాత్రం స్లీప్ టెక్నీషియన్‌ది.

ఊరు పడుకున్నాక అతని డ్యూటీ మొదలు. నిద్ర పరీక్షకు వచ్చినవారి తలకు, కళ్ల పక్కన, గడ్డానికి, కాళ్లకు తీగలు అతికిస్తాడు. ఛాతీకి, పొట్టకు పట్టీలు కట్టి పక్కగదిలో తెర ముందు కూర్చుంటాడు. సీప్యాప్ గాలిని మామూలుగా 4 సెంటీమీటర్ల నీటి ఒత్తిడితో మొదలుపెట్టి, ఊపిరి కుదుటపడేదాకా మెల్లగా పెంచుతాడు.

అసలు పనితనం మాస్కు దగ్గర. కూర్చున్నప్పుడు సరిపోయింది పడుకుంటే జారుతుంది, గాలి కళ్లలోకి కొడుతుంది.

"ఇంకాస్త బిగించు బాబూ."

"బిగిస్తే ముక్కు మీద పుండు పడుతుందండీ. సైజు మారుద్దాం."

నోరు తెరిచి పడుకునేవారికి ముక్కూ నోరూ కప్పేది, గుబురు మీసాలవారికి ముక్కు రంధ్రాల దగ్గర ఆనేది, గొంతెండేవారికి తేమ పెట్టె. ముఖానికేదైనా తగిలితే కంగారుపడేవారికి, పగలు టీవీ చూస్తూ కాసేపు పెట్టుకోమనే సలహా. కొన్న యంత్రం అటకెక్కకుండా కాపాడేది డాక్టరు చీటీ కన్నా ఈ ఓపికే.