స్త్రీల రామాయణపు పాటలలో పురుటిగది

శ్రీరామజననమును గానము చేయు స్త్రీల పాటలను ఇంటి ముచ్చటలని, కావ్యగౌరవము లేనివని కొందఱు తేలికగా చూచుట కలదు. ఆ యింటి ముచ్చటలయందే వాని విలువ యున్నదని మా యభిప్రాయము. ప్రసవవేళ స్త్రీకి కలుగు అనుభవము ఆమెకు లభించు పరిచర్యను బట్టి యుండునను సత్యమును ఈ పాటలు చక్కగా గ్రహించినవి. ఈ విషయమునే యిట పరిశీలింతుము.

వాల్మీకి బాలకాండమున పుత్రకామేష్టి సవిస్తరముగా వర్ణింపబడినది. పాయసమును మువ్వురు రాణులకు పంచిన పాళ్లు సైతము లెక్కగా చెప్పబడినవి. జననఘట్టమున పండ్రెండవ మాసము, చైత్ర నవమి, పునర్వసు నక్షత్రము, గ్రహముల ఉచ్చస్థితి పేర్కొనబడి, కౌసల్య రాముని కనెనని చెప్పబడినది. ఆమె పడిన నొప్పి ప్రస్తావన లేదు. చెంత నున్నవా రెవరో తెలియదు. ఇతిహాసకవికి వలసినది అవతారము. కాన దీనిని దోషముగా నెంచరాదు.

స్త్రీల పాట మనలను పురుటిగదిలోనికి కొనిపోవును. ఇట్టి పాటలు 1955లో కృష్ణశ్రీ సంపాదకత్వమున గ్రంథరూపమున వెలువడినవి. వేల్చేరు నారాయణరావుగారు 1991లో ప్రకటితమైన ఆంగ్లవ్యాసమున వీనిని విశ్లేషించిరి. ఆయన చర్చించిన రామజననపు పాటలో మంత్రసానికి కబురు పోవును. ఆమె హుందాగా వచ్చి, కౌసల్య వీపు తట్టి, భయపడవలదని ధైర్యము చెప్పును. చుట్టునున్న స్త్రీలు రాణి యొడలిపై నున్న బరువైన నగలను తీసివేసి, దూలములకు త్రాళ్లు కట్టి, ఆమెచేత పట్టించుదురు. కౌసల్య నొప్పి తాళలేక, నిమిషము నూఱేండ్లుగా నున్నదని అమ్మను తలచుకొని వాపోవును.

ఇందు క్రమము గమనింపదగినది. మంత్రసాని చేసిన మొదటి చికిత్స ఓదార్పు. నగలను తీసివేయుటతో రాణి సామాన్యస్త్రీ యైనది. ఆమెకిక అక్కఱకు వచ్చునది తోడివారి చేయి. త్రాళ్లను పట్టుకొనుటచే శరీరమును నిటారుగా నిలుపుకొను వీలు కలిగినది. ఇంత పరిచర్య జరిగినను నొప్పి మాయమైనదని పాట చెప్పదు. నొప్పిని మాటలలో చెప్పుకొను స్వేచ్ఛ కౌసల్యకు లభించినది. ఆ మాటను వినువా రచట నున్నారు.

ఈ యెఱుక స్త్రీల పాటలకే పరిమితము కాదు. ప్రసూతికి తోడుండు స్త్రీలు పలుమాఱు ప్రసవించినవారును, స్నేహశీలురును, నేర్పరులును, క్లేశమును సహింపగలవారును కావలయునని చరకసంహిత శారీరస్థానము విధించుచున్నది. శాస్త్రము లక్షణములుగా చెప్పినదానిని పాట సన్నివేశముగా చూపినది.

ఐనను ఈ పాటను చూపి గతకాలమును కీర్తించుట తగదు. రక్తస్రావమున ప్రాణములు విడిచిన తల్లులు ఈ మంగళగీతమున కానరారు. గదిలో అంతటి మర్యాద పొందిన మంత్రసాని, మైల పేరిట, వెలుపల దూరముగా నుంచబడుటయు కలదు. ఆసుపత్రి, రక్తదానము, శస్త్రచికిత్స ఎందఱో తల్లుల ప్రాణములు నిలిపినవి. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ననుసరించి తెలంగాణమున నూటికి 97 ప్రసవములు వైద్యసంస్థలలోనే జరిగినవి. ఆ సర్వేయే తెలంగాణమున 60.7 శాతము ప్రసవములు శస్త్రచికిత్సచే జరిగినవనియు, ప్రైవేటు ఆసుపత్రులలో నది 81.5 శాతమనియు తెలుపుచున్నది. ఇందు ప్రాణరక్షణకు అవసరమైన వెన్నియో ఈ సంఖ్య చెప్పదు. కాని ప్రసవము సురక్షితమైనంతనే పరిచర్య ప్రశ్న తీరిపోలేదని మాత్రము తోచుచున్నది.

ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో వెలువరించిన సూచనలు ప్రసవానుభవమునే ప్రధానముగా గైకొన్నవి. గౌరవముతో కూడిన పరిచర్య, స్త్రీ కోరిన తోడు, నచ్చిన భంగిమ అందు చేరినవి. 26 ప్రయోగములను, 15,000 మందికి పైగా స్త్రీలను పరిశీలించిన 2017 నాటి కాక్రేన్ సమీక్షయు, ఎడతెగని తోడు శస్త్రచికిత్సలను తగ్గింపగలదనియు, ప్రసవమును గూర్చిన చేదు తలపులను తగ్గింపగలదనియు తేల్చినది.

వీపు తట్టిన చేయి, పట్టుకొన త్రాడు, భయపడవలదను మాట – ఈ మూడును ఆ పాటలో ముందే యున్నవి. వీనిని పాడుకొన్న స్త్రీలు పెక్కుమంది స్వయముగా ప్రసవించినవారు. రాముని తల్లిని తమ యనుభవముతోనే యెఱిగిరి. కాన ఈ పాటలను భక్తిగీతములుగను, జానపదసామగ్రిగను మాత్రమే చదువుట చాలదు. పరిచర్యను గూర్చి స్త్రీలు పలికిన సాక్ష్యముగను చదువవలసి యున్నది.