ఏ అంకెనూ ఒంటరిగా చదవొద్దు

55 వన్డేలు, 1694 పరుగులు, సగటు 47.05. గుంటూరులో పుట్టిన అంబటి రాయుడికి 2019 ప్రపంచకప్ జట్టులో చోటు దక్కనప్పుడు అభిమానులు ఈ సగటునే ముందు పెట్టి వాదించారు. సగటు మంచిదే. ఎంత మంచిదో మాత్రం అదొక్కటే చెప్పలేదు.

మిర్చి యార్డులో ఫలానా వాళ్ల తేజ రకం మిర్చి క్వింటాలు ఇంతకు పోయిందంటే, ఆ రోజు యార్డు ధరెంత అని రైతు వెంటనే అడుగుతాడు. బ్యాటర్ లెక్కనూ అలాగే అడగాలి.

ఈ పద్ధతికి పదును పెట్టింది బేస్‌బాల్. 1930లో బిల్ టెర్రీ బ్యాటింగ్ సగటు (అక్కడ బ్యాట్ పట్టిన సార్లలో హిట్ల వాటా) 0.401. 1968లో కార్ల్ యాస్ట్రెమ్‌స్కీది 0.301. పైపైన చూస్తే పోలికే లేదు. కానీ టెర్రీ ఆడిన నేషనల్ లీగ్ మొత్తం సగటే ఆ ఏడు 0.303. యాస్ట్రెమ్‌స్కీ ఆడిన అమెరికన్ లీగ్ సగటు 1968లో 0.230కి పడిపోయింది. లీగ్ సగటును 100 అనుకుని లెక్క కడితే టెర్రీకి 132, యాస్ట్రెమ్‌స్కీకి 131 వస్తాయి. ఇద్దరూ తమ కాలాన్ని దాదాపు ఒకే మేర మించారు. 1968లో బంతి విసిరేవాళ్ల జోరు ఎంతగా సాగిందంటే, మరుసటి ఏడాది వాళ్లు నిలబడే దిబ్బ ఎత్తును 15 అంగుళాల నుంచి 10కి తగ్గించారు.

ఇప్పుడు రాయుడి లెక్క విప్పుదాం. ఆడిన 50 ఇన్నింగ్స్‌లో 14 సార్లు నాటౌట్. అవుటైన 36 సార్లతో భాగిస్తే 47.05, మొత్తం ఇన్నింగ్స్‌తో భాగిస్తే 33.88. రెండూ నిజమే, రెండూ చెప్పాలి. తర్వాత, మిడిలార్డర్‌లో పేరు తెచ్చుకున్న వాళ్ల పక్కన పెట్టాలి. యువరాజ్ సగటు 36.55, రైనాది 35.31. రాయుడు ఇద్దరికంటే చాలా పైన ఉన్నాడు. స్ట్రైక్ రేట్‌లో మాత్రం వెనకబడ్డాడు: యువరాజ్ 87.67, రైనా 93.50, రాయుడు 79.04. ఎదుటి జట్టునూ మరవకూడదు. అతని అత్యధిక స్కోరు 124 నాటౌట్ హరారేలో జింబాబ్వే మీద వచ్చింది. బలమైన బౌలింగ్ మీద చేసిన పరుగులతో దాన్ని సమానంగా తూచలేం.

మ్యాచ్‌నే కొలబద్దగా తీసుకుంటే మరో సంగతి బయటపడుతుంది. 2019 ఫిబ్రవరి 3, వెల్లింగ్టన్. న్యూజిలాండ్ పేసర్ల ముందు భారత్ 18 పరుగులకే 4 వికెట్లు పోగొట్టుకుంది. రాయుడు 113 బంతుల్లో 90 కొట్టాడు. విజయ్ శంకర్‌తో కలిసి 98 జోడించాడు. జట్టు 252కి ఆలౌటై, 35 పరుగులతో గెలిచింది. రాయుడి 90 తీసేస్తే ఎక్స్‌ట్రాలతో సహా మిగిలింది 9 వికెట్లకు 162, అంటే వికెట్‌కు 18. ఆ రోజు ఆ పిచ్ మీద అతను నిలబెట్టిందేమిటో 79 దరిదాపుల్లోని స్ట్రైక్ రేట్‌లో కనపడదు. ఈ 18 పక్కన పెడితేనే కనపడుతుంది.

కాలం మారితే కొలతా మారుతుంది. ఐపీఎల్‌లో 2009లో ఓవరుకు ఏడున్నర పరుగులు వస్తే, 2023కి అది తొమ్మిదికి చేరింది. 2010 నుంచి 2023 దాకా ఆడిన రాయుడి 127.54 స్ట్రైక్ రేట్‌ను నేటి కుర్రాళ్ల వేగంతో నేరుగా పోల్చడం న్యాయం కాదు. ఏ సీజన్‌కు ఆ సీజన్ సగటు తీసి పోల్చాలి.

ఈ లెక్క ఎవరినీ జట్టులోకి ఎంపిక చేయదు. రేపటి అవసరం చూసుకోవడం సెలెక్టర్ల పని. నిన్న ఆటగాడు చేసిందాన్ని తగ్గించకుండా, పెంచకుండా చెప్పడం లెక్క పని. గుంటూరు, ఒంగోలు మైదానాల్లో స్కోరు పుస్తకం పట్టుకునే వాళ్లకు ఇది పెద్ద కష్టం కాదు. కుర్రాడి స్కోరు పక్కన ఆ రోజు వికెట్‌కు ఎన్ని పరుగులు వచ్చాయో రాస్తే చాలు. అందరూ పది, పన్నెండుకే వెనుదిరిగిన పిచ్ మీద 45 కొట్టినవాడు, పరుగుల వరద పారిన చోట 70 కొట్టినవాడి చాటున పడిపోకుండా ఉంటాడు.