సిలికా జెల్‌పై ఘనీభవన ప్రభావం: నిర్మాణ వ్యాఖ్యానాల విమర్శ

ఫ్రీజ్ డ్రయింగ్ తడి జెల్ నిర్మాణాన్ని యథాతథంగా నిలుపుతుందన్న భావన ఆక్సైడ్ నానోకణాల అధ్యయనాలలో తరచుగా కనిపిస్తుంది. నీటితో కూడిన సిలికా విషయంలో ఈ భావన పునఃపరిశీలించదగినది.

క్షార సిలికా సోల్‌లో కణాలు ఋణావేశం వల్ల పరస్పరం వికర్షించుకుంటూ విడివిడిగా ఉంటాయి. నెమ్మదిగా గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు కణాలను, లవణాలను తమ నడిమి సందులలోకి నెట్టివేస్తాయి. అక్కడ గాఢత పెరిగి వికర్షణ బలహీనపడుతుంది. చేరువైన కణాల మధ్య సిలోక్సేన్ బంధాలు ఏర్పడతాయి. మంచు కరిగినా సోల్ తిరిగి రాదు, అవక్షేపమే మిగులుతుంది. జెల్‌లోనూ బంధం ఇదే. అయితే అక్కడ అది ద్రవమంతటా వ్యాపించిన వల. జెల్ గడ్డకడితే మంచు ఆ వలను చీల్చి, సందులలో దట్టంగా పేరుస్తుంది. కనుక పరారుణ వర్ణపటంలో సిలోక్సేన్ శిఖరం కనిపించినంత మాత్రాన వల నిలిచిందనలేము.

కేశనాళికా పీడనానికి జెల్ కుంచించుకుపోకుండా 1931లో కిస్ట్లర్ సూపర్‌క్రిటికల్ శుష్కీకరణను ప్రవేశపెట్టాడు. ఫ్రీజ్ డ్రయింగ్ కూడా ఆ పీడనాన్ని తప్పిస్తుంది గానీ, మంచు ఒత్తిడిని కొత్తగా తెస్తుంది. సూక్ష్మదర్శినిలో కనిపించే పలుచని గోడలు, పెద్ద రంధ్రాలు చాలావరకు మంచు స్ఫటికాల అచ్చులే. 77 కెల్విన్ వద్ద కొలిచే నైట్రోజన్ అధిశోషణం చెప్పేదీ ఎండిన పొడి గురించే. తడి నమూనాపై అల్పకోణ ఎక్స్-కిరణ పరిక్షేపణ ఫలితాలతో పోల్చనిదే, వీటిని జెల్ నిర్మాణంగా వ్యాఖ్యానించడం సమంజసం కాదు.