సీసాలో చెరువు

చెరువు బురదను సీసాలో పోసి పెంచడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. జీవశాస్త్రం చెప్పుకునే మనిషిని కాబట్టి మొదట పిల్లల కోసమే మొదలుపెట్టాను. ఇప్పుడు బడి ఉన్నా లేకపోయినా మా ఇంటి కిటికీ గట్టు మీద రెండు మూడు సీసాలు ఎప్పుడూ ఉంటాయి.

దీనికి పెద్ద సరంజామా అక్కర్లేదు. లోపలిది బయటికి కనిపించే ప్లాస్టిక్ సీసా, రాళ్లూ నత్తగుల్లలూ వేళ్లూ ఏరేసిన బురద చాలు. అందులో సన్నగా చింపిన పాత దినపత్రిక కలుపుతాను. ఆ కాగితం పీచు లోపలి జీవులకు తిండి. గంధకం కోసం ఉడికించిన కోడిగుడ్డు పచ్చసొన వేస్తాను, లేదా ఎరువుల కొట్లో దొరికే జిప్సం కాస్త. గాలి బుడగ మిగలకుండా కూరి, పైన నాలుగు వేళ్ల మందాన అదే చెరువు నీళ్లు పోసి, మూత వదులుగా పెట్టి, ఎండ నేరుగా పడకుండా వెలుతురు తగిలే చోట ఉంచాలి. ఇక కదపకూడదు. ఇందులో కష్టమైన పని అదే.

మొదట కనిపించేది నలుపు. అడుగున గాలి అందదు. అక్కడ కొన్ని బాక్టీరియా కాగితాన్ని కుళ్లబెడతాయి. ఆ కుళ్లులోంచి వచ్చిన వాటిని తింటూ, మనం ఆక్సిజన్ పీల్చినట్టు సల్ఫేటును వాడుకునే రకాలు హైడ్రోజన్ సల్ఫైడ్‌ను వదులుతాయి. మురిగిన గుడ్డు వాసన దానిదే. అది బురదలోని ఇనుముతో కలిసి నల్లబడుతుంది. కొన్ని వారాలకు వెలుతురు పడే వైపు రంగులు మొదలవుతాయి. ఆ విషవాయువునే వాడుకుంటూ వెలుతురుతో బతికే బాక్టీరియా అవి. ఆకుపచ్చవి కాస్త కిందన ఉంటాయి, ఘాటును ఎక్కువగా తట్టుకుంటాయి కాబట్టి. వాటి పైన ఊదారంగువి నేరేడుపండు మరకల్లా అంటుకుంటాయి. నీటి పైభాగాన ఆక్సిజన్ వదిలే పచ్చటి నాచు. ఒకే సీసాలో, జానెడు ఎత్తులో, ఒకరి వ్యర్థం మరొకరికి భోజనం.

ఒక్కో సీసాకు సగం ఎత్తు వరకూ నల్లకాగితం చుట్టి ఉంచుతాను. రెండు నెలలకు విప్పితే రంగులు గీత గీసినట్టు కాగితం అంచున ఆగిపోయి ఉంటాయి. బురద ఒకటే, నీళ్లు ఒకటే, వెలుతురొక్కటే తేడా. పిల్లలు ఆ గీత మీద వేలు పెట్టి చూస్తారు. అప్పుడు నేను చెప్పాల్సిందేమీ ఉండదు.

ఈ పద్ధతి సూక్ష్మజీవ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీది. కీవ్‌లో పుట్టిన ఈయన 1880ల్లో స్ట్రాస్‌బర్గ్‌లో పనిచేస్తూ, గంధకపు ఊటల్లో పెరిగే బెగ్గియాటోవా అనే తెల్లటి పోగుల్లాంటి బాక్టీరియాను గమనించాడు. హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్న నీళ్లిస్తే వాటి ఒంట్లో గంధకపు రేణువులు పేరుకునేవి, ఇవ్వకపోతే కరిగిపోయేవి. ఆ వాయువును మండించుకుని అవి శక్తి పొందుతున్నాయని తేల్చాడు. అప్పట్లో రాబర్ట్ కోహ్ బాటలో చాలామంది ఒక్కో సూక్ష్మజీవినీ విడదీసి పెంచే పనిలో ఉన్నారు. రోగాల విషయంలో అది గొప్ప మేలు చేసింది. కానీ నేలలో, నీటిలో ఏం జరుగుతోందో తెలియాలంటే గుంపును గుంపుగా, దాని చోట దాన్ని చూడాల్సిందే. వినోగ్రాడ్‌స్కీ మీద నాకున్న గౌరవమంతా ఇక్కడే.

మాది భీమవరం వైపు కాబట్టి రకరకాల బురదకు కొదవలేదు. పంటకాలువ బురద ఒక సీసాలో, సముద్రానికి దగ్గరగా ఉప్పుటేరు బురద ఒక సీసాలో పోస్తాను. పోలిక కోసం వీటిలో గుడ్డు గానీ జిప్సం గానీ వేయను. లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు ఉంటుంది. అందుకే ఉప్పుటేరు సీసా త్వరగా నల్లబడి కంపు కొడుతుంది. కాలువ నీటిలో సల్ఫేటు తక్కువ. అక్కడ మీథేన్ చేసే ఆర్కియా అనే వేరే తెగ జీవులది పైచేయి. వాసన లేని బుడగలు బురదను చీల్చుకుంటూ పైకొస్తాయి. వరిచేలో నిలవ నీటి కింద జరిగేదీ ఇదే.

ఖండాలు దాటి చూసినా చోటుదే పెత్తనం. ఉత్తర, దక్షిణ అమెరికాల్లో 98 చోట్ల మట్టిని పరీక్షించి ఫియరర్, జాక్సన్ అనే శాస్త్రవేత్తలు 2006లో ఒక సంగతి చెప్పారు. బాక్టీరియా వైవిధ్యాన్ని నిర్ణయించడంలో ఎండావానల కంటే మట్టి పీహెచ్‌దే పెద్ద పాత్ర అని. చెట్టూ పుట్టా కిక్కిరిసిన పెరూ అమెజాన్ అడవి మట్టి ఆమ్లగుణం కలది, అందులో రకాలు తక్కువ. తటస్థంగా ఉన్న మట్టిలో ఎక్కువ. కంటికి కనిపించే పచ్చదనాన్ని బట్టి నేల లోపలి సంగతి ఊహించలేం.

మా ఊరి రొయ్యల రైతులు ఈ సీసాలు చూడగానే నలుపును గుర్తుపడతారు. వాళ్ల చెరువు అడుగున ఉండేది అదే, రొయ్య తిరిగేదీ ఆ అడుగునే. "ఏ ప్యాకెట్ వేస్తే పోతుంది మాస్టారూ?" అని అడుగుతారు. ప్రోబయోటిక్ పేరుతో ఎన్నో ప్యాకెట్లు అమ్ముతున్నారు. నా అభిప్రాయం గట్టిదే: మిగిలిపోయిన మేత అడుగున పేరుకుంటూ, గాలి అందకుండా ఉన్నంతకాలం కొత్తగా పోసిన బాక్టీరియా నిలవడం కష్టం. ఆ చోటు వేరేవాటికి అనువుగా ఉంది మరి. ముందు మేత తగ్గించాలి, నీటికి గాలి అందించే ఏరేటర్లు సరిగా తిప్పాలి.

రొయ్యల పట్టుబడి అయ్యాక చెరువును ఎండగట్టే పద్ధతి మనవాళ్లకు తెలిసిందే. నెర్రెల్లోంచి గాలి దిగితే నలుపు విరిగి బూడిదరంగుకు, ఆపైన తుప్పు రంగుకు తిరుగుతుంది. ధర బాగున్నప్పుడు ఆ వ్యవధిని కుదించేస్తున్నారు, అదే నాకు బెంగ. పైపొర ఎండిందని తృప్తిపడకుండా జానెడు లోతు పార దించి చూడండి. అక్కడ ఇంకా నల్లగా ఉంటే రొయ్యపిల్లలను (సీడ్) వదలడానికి మరో వారం ఆగండి.