గాజు అంచు దగ్గర

జపాన్ గాజు పనిని చూడటానికి వెళ్ళే చిత్రకారుల చూపు సహజంగా ముందు రంగుల మీద, వెలుగు మీద నిలుస్తుంది. అయితే కొన్నాళ్ళు ఆ వస్తువుల మధ్య తిరిగాక, అక్కడి పనివాళ్ళ నేర్పు పాత్ర నడుమ కంటే దాని అంచులో, అంటే గాజు ముగిసి పెదవో, వేలో, గాలో తగిలే చోట, ఎక్కువగా కనబడుతుందని తెలిసివస్తుంది. ప్రదర్శనశాలలో పెట్టిన కళాఖండానికీ, భోజనాల బల్ల మీది సీసాకూ అక్కడ ఉన్న చుట్టరికం ఈ అంచు వైపు నుంచి వచ్చినదే.

ఇందుకు ఫూరిన్ అనే గాలిగంట మంచి ఉదాహరణ. ఎదో (నేటి టోక్యో) సంప్రదాయంలో దీనిని చేసేవారు కరిగిన గాజును గొట్టం కొసకు చుట్టుకొని, అచ్చు సాయం లేకుండా గాలిలోనే ఊదుతారు. చల్లారాక మూతి దగ్గరి భాగాన్ని కోసేసి, ఆ అంచును నున్నగా అరగదీయకుండా గరుకుగానే వదిలేస్తారు. లోపల వేలాడే గాజు నాలుక ఆ గరుకు అంచును రాసుకొన్నప్పుడే ఆ గంటకు ప్రత్యేకమైన మెత్తని చప్పుడు వస్తుంది. నాలుకకు కట్టిన కాగితపు పట్టీ కొద్దిపాటి గాలికే ఊగుతూ దానిని కదిలిస్తుంది. వాన తగిలినా చెరగకుండా బొమ్మను లోపలి వైపునే వేస్తారు కాబట్టి, చిత్రకారుడు తన అలవాటును తిరగేసుకోవాలి: మామూలుగా చివర దిద్దే చేప కన్ను ఇక్కడ ముందు పడాలి, ఒంటి రంగు దాని వెనక రావాలి. చిన్న కంతలోంచి కుంచె దూర్చి చేసే ఈ పనిలో తప్పు మీద ఇంకో పూత వేసి కప్పిపుచ్చే వీలు లేదు, ఎందుకంటే చూసేవారికి మొదటి పూతే ముందు కనబడుతుంది.

ప్రాచీన కాలం నుంచి జపాన్‌లో గాజు పూసలు ఉన్నా, తర్వాతి కాలపు గాజు పాత్రల విద్య ఓడల వెంట వచ్చినదని పాత పేర్లే చెబుతాయి. ‘బీదోరో’ పోర్చుగీసు మాట నుంచి, ‘గియమాన్’ వజ్రానికి డచ్చివారు వాడే మాట నుంచి పుట్టాయి. ఆ విద్య అక్కడ తన సొంత దారి పట్టింది కిరికోలో. కిరికో అంటే కోత గాజు, గాజు మీద గాళ్ళు కోసి నగిషీ తీర్చే పని. ఎదోలో 1834లో కగాయా క్యూబెయ్ అనే గాజు వర్తకుడు కురువిందపు పొడితో గాజు మీద నమూనాలు చెక్కడంతో ఇది మొదలైందని చెబుతారు. 1881లో ప్రభుత్వం రప్పించిన ఇమాన్యుయెల్ హాప్ట్‌మన్ అనే ఆంగ్లేయ నిపుణుడు చక్రంతో కోసే పద్ధతిని నేర్పాడు.

గిర్రున తిరిగే చక్రానికి పాత్రను ఆనించినప్పుడు కోత పడేది పనివానికి అవతలి వైపున. అందువల్ల అతడు పాత్ర లోపలికి చూస్తూ, గాజు మందంలోంచి కనిపించే గీతను బట్టి లోతును అంచనా కట్టుకొంటాడు. రంగు ముదిరేకొద్దీ ఆ గీత మసకబారుతుంది. నల్ల గాజైతే చేతి అలవాటే దిక్కు. చేప గుడ్ల వరుసను తలపించే ‘నానాకో’ నమూనాలో సన్నని గాళ్ళు అడ్డంగా, ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుకొంటూ పోవాలి, ఏ ఒక్కటి వెంట్రుకవాసి తప్పినా గుడ్ల వరుస మొత్తం వంకరపోతుంది.

దక్షిణాన సత్సుమా సంస్థానంలో పుట్టిన కిరికో కథ వేరు. అక్కడ రంగులేని గాజు మీద మందమైన రంగు పొరను కప్పి, దానిని లోతుగా వాలుగా కోసేవారు. ముదురు ఎరుపు క్రమంగా పలచబడి స్వచ్ఛమైన గాజులో కలిసిపోయే ఆ సంధిని ‘బొకాషి’ అంటారు. అంచు ఎక్కడుందో వేలు పెట్టి చూపలేని అంచు అది. అయితే అక్కడి గాజు కర్మాగారం సంస్థాన ప్రభువు షిమజు నరిఅకిరా ఉత్సాహం మీద నిలబడినది. 1858లో అతడు కన్నుమూయడంతో పని వెనకబట్టింది, 1863లో ఆంగ్ల నౌకల ఫిరంగులకు కర్మాగారం దగ్ధమైంది, కొంతకాలానికి విద్యే అంతరించింది. మిగిలిన పాత పాత్రలను పరిశీలించి 1985లో ఆ ప్రాంతపు కగోషిమాలో దానిని తిరిగి నిలబెట్టారు. అంగడిలో అమ్ముడుపోతూ బతికిన ఎదో కిరికోకు ఇంత పెద్ద తెగుదల రాలేదన్నది, దర్బారు ఆదరణను తలచుకొని నిట్టూర్చే కళాభిమానులు కాస్త ఆలోచించవలసిన విషయం.

ఇదే శ్రద్ధ వంటింట్లోకి వచ్చినప్పుడు దానికి సంతకం కూడా ఉండదు. కిక్కోమాన్ సోయా సాస్ కోసం ఎకువాన్ కెంజి రూపొందించిన చిన్న గాజు సీసా 1961లో బయటికి వచ్చింది. చేతిలో ఇమిడే సన్నని మెడ, పడిపోకుండా నిలిపే వెడల్పాటి అడుగు, ఎంత మిగిలిందో చూపే పారదర్శకత ఎవరికైనా కనిపించేవే; అసలు కిటుకు ఎర్ర మూత కొమ్ములో ఉంది. కొమ్ము కొసను కింది వైపు లోపలికి వాలేలా కోయడం వల్ల, పోయడం ఆపగానే చివరి చుక్క సీసా ఒంటి మీదికి జారకుండా వెనక్కి పోతుంది. రోజుకు మూడు పూటలా బల్ల గుడ్డ మీద మరక పడకుండా కాపాడే ఆ కోతను చూసి ఎవరూ ఆహా అనరు. అలాగే, విద్యుద్దీపాలకు గాజు బుడ్లు ఊదిన ఒక టోక్యో కర్మాగారం ఆ నేర్పుతోనే మిల్లీమీటరు కూడా లేని మందంతో గ్లాసులు చేస్తున్నది. తాగేవారి పెదవికి గాజు తగిలీ తగలనట్టు ఉంటుంది.

జపాన్‌లో ప్రతి వస్తువూ ఇలాగే ఉంటుందనుకోవడం భ్రమ. అక్కడి దుకాణాల్లో ప్లాస్టిక్ సీసాలకు, పొరల మీద పొరలు చుట్టిన పొట్లాలకు లోటు లేదు. ఉత్సవాల్లో పిల్లలు తాగే రమునే సీసాకు కూడా ఇప్పుడు ప్లాస్టిక్ మూతి వచ్చింది. రమునే అంటే లెమనేడ్ మాటకు జపనీయుల నోట పడిన రూపం. సీసా 1870లలో హైరమ్ కాడ్ ఇంగ్లండులో రూపొందించినది. తెలుగు పాఠకులకు దీనిని వర్ణించి చెప్పనవసరం లేదు, అది మన గోలీ సోడా సీసాయే: లోపలి గ్యాసు గోలీని మూతి దగ్గరి రబ్బరు చుట్టకు అదిమిపెడుతుంది, బొటనవేలితో నొక్కితే కీచుమని లోపలికి పడుతుంది. తాగేటప్పుడు గోలీ మళ్ళీ మూతికి అడ్డం పడకుండా మెడలో రెండు నొక్కులు ఉంటాయి. సీసాను ఆ నొక్కులు కింది వైపుకు వచ్చేలా తిప్పి వంచితే గోలీ వాటి మీద ఆగి, సోడా ధారగా వస్తుంది.