చెప్పులు కుట్టినోడు డిజైనర్ ఎందుకు కాలేదు?

మెదక్ పట్నంలో ఇప్పుడు ఏ గల్లీకి పోయినా "ఫ్యాషన్ డిజైనర్" అనే బోర్డు కనిపిస్తుంది. ఒకప్పుడు అవే షాపుల మీద "లేడీస్ టైలర్" అని రాసి ఉండేది. అంతకు ముందు బోర్డే లేదు, మిషను చప్పుడే గుర్తు. పని మాత్రం పెద్దగా మారలేదు. ఆది జాకెట్ తీసుకుంటరు, కొలతలు చూస్తరు, కత్తిరిస్తరు, కుడతరు. క్రిస్మస్ దగ్గరికొస్తే చర్చికి పోయే కుటుంబాల కొత్తబట్టలతో ఊపిరి సలపదు. మారింది పేరు ఒక్కటే. ఈ మార్పును చూసి "టైలర్లందరు డిజైనర్లయిండ్రు" అని నవ్వేవాళ్ళు ఉన్నరు.

ఆ నవ్వు వెనక ఒక సిద్ధాంతం ఉంది. డిజైన్ అంటే తలతో చేసే పని, కుట్టడం అంటే చేతితో చేసే పని, రెండూ ఒకే మనిషికి రావు అనేదే ఆ సిద్ధాంతం. మన దేశంలో దాన్ని కులం అంటారు. కాబట్టి ఫ్యాషన్ డిజైనర్ అంటే ఎవరు అన్నది ఉన్నోళ్ళ పిల్లల ముచ్చట కాదు, దళిత దృష్టితో అడగాల్సిన ప్రశ్న.

ప్రభుత్వం దగ్గర ఈ ప్రశ్నకు ఒక జవాబు ఉంది. 1986లో ఢిల్లీలో, 1995లో హైదరాబాదులో జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్) పెట్టారు. చెప్పుల డిజైనుకు వేరే సంస్థ ఉంది, ఎఫ్.డి.డి.ఐ. 2017లో పార్లమెంటు చట్టం చేసి దానికి జాతీయ ప్రాధాన్యం ఇచ్చింది. దాని హైదరాబాదు క్యాంపస్ రాయదుర్గంలో ఉంది. చిరునామాలోనే "లిడ్‌క్యాప్" అని ఉంటుంది. లిడ్‌క్యాప్ అంటే తోలు పరిశ్రమ అభివృద్ధి కోసం ప్రభుత్వం పెట్టిన కార్పొరేషన్. తోలు పనివాళ్ళ పేరు చెప్పుకున్న చోట ఇప్పుడు లక్షల ఫీజు కట్టి డిజైన్ డిగ్రీ చదువుతున్నరు. రిజర్వేషన్ సీటు వచ్చినా ఆ ఫీజు ఎక్కడి నుంచి తేవాలన్నది మన పిల్లల ముందున్న మొదటి ప్రశ్న.

ఇంతకీ ఇటువంటి చోట్ల నేర్పేది ఏమిటి? ముడిసరుకును ఎరుకపరచుకోవడం, శరీరాన్ని కొలవడం, వాడేవాడి అవసరాన్ని బట్టి రూపం నిర్ణయించడం. సరే, ఇదే కొలబద్ద పట్టుకొని మన వాడకు పోదాం.

మా తాత చెప్పులు కుట్టిండు. చచ్చిన ఎద్దును మోసుకొచ్చి తోలు తీసేది. సున్నపు నీళ్ళల్ల నానబెట్టి వెంట్రుకలు ఊడదీసేది. తంగేడు చెక్క, కరక్కాయ వేసి లందల ఊరబెట్టేది. ఎంత ఊరితే చాలో చేత్తో తడిమి చెప్పేది. వీపు తోలు మందం, అది అడుగుకు పనికొస్తది. పొట్ట తోలు సాగుతది, దాన్ని అడుగుకు వాడొద్దు. చెలకల ముండ్లల్ల నడిచేటోనికి ఒక తీరు, కిర్రుమని చప్పుడు చేసుకుంట నడవాలనుకునేటోనికి ఒక తీరు. ఆరె, రంపె తప్ప ఇంకో సాధనం లేదు, కాయితం మీద గీత లేదు. తంగేడు పువ్వును బతుకమ్మల పేర్చి రాష్ట్ర పుష్పం చేసుకున్నం. ఆ తంగేడు చెక్కతోటి తోలు ఊరబెట్టిన మనిషి వాసన మాత్రం ఊరికి పడలేదు.

ముడిసరుకు ఎరుక ఉంది, కొలత ఉంది, రూపం ఉంది. మరి డిజైనర్ అనే పేరు ఎందుకు రాలేదు?

కంచ ఐలయ్య 2009లో వచ్చిన "పోస్ట్ హిందూ ఇండియా"లో మాదిగలను కింది కులాల శాస్త్రవేత్తలుగా నిలబెట్టాడు. చచ్చిన పశువును వాడుక వస్తువుగా మార్చడంలో విజ్ఞానం ఉందని వాదించాడు. ఉత్పత్తి కులాల తెలివిని తెలివిగా గుర్తించిన ఆ వాదన మనకు బలం ఇచ్చింది. కాని అది సగం దాకా వచ్చి ఆగింది అంటాను. తెలివి ఉన్నది నిజం, నిర్ణయం లేదన్నదీ నిజం. ఎవరికి కుట్టాలో, ఎంతకు కుట్టాలో, కుట్టనని ఎప్పుడు అనాలో మా తాత చేతిలో లేదు. నిజాం కాలపు తెలంగాణలో దొరకు చెప్పులు, మోటకు తోలు వెట్టి కింద ఇయ్యాల్సిందే. మా నాయనమ్మ చెప్పేది: దొర కాలు ముట్టొద్దని పుల్లతోటి కొలత తీసుకునేటోడట. గడి ముందు నుంచి పోవాల్నంటే తన చెప్పులు విడిచి చేతబట్టుకొని పోయేటోడట. చెప్పు రూపం తెలిసినోనికి ఆ చెప్పు తొడుక్కునే హక్కు లేదు. పనికీ నిర్ణయానికీ మధ్య ఈ గండి ఉన్నంత కాలం ఎంత పెద్ద పేరు పెట్టినా అది పొగడ్తే అవుతుంది.

ఈ గండి పాత కాలంతో పోలేదు. 2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్‌లో కొల్హాపురి చెప్పులను పోలిన చెప్పులు ప్రదర్శించింది. వాటిని తోలు చెప్పులు అన్నదే తప్ప ఎక్కడివో చెప్పలేదు. మన దేశంలో గొడవ అయినంక ఒప్పుకున్నది. కొల్హాపురికి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మహారాష్ట్రలో నాలుగు, కర్ణాటకలో నాలుగు జిల్లాలు అందులో ఉన్నాయి. నమోదైన హక్కుదారులు మాత్రం రెండు ప్రభుత్వ తోలు కార్పొరేషన్లు. 2025 డిసెంబరులో ప్రాడా వాటితోనే ఒప్పందం చేసుకొని దాదాపు 2,000 జతలు చేయించి, జత 800 యూరోలకు అటూ ఇటూ అమ్ముతామని ప్రకటించింది.

పత్రికలు దీన్ని భారతదేశానికీ ఇటలీకీ మధ్య తగాదాగా రాశాయి. తగాదా అంతకు ముందే ఉంది. కొల్హాపురి అనే పట్నం పేరు గౌరవం. దాన్ని కుట్టే చాంభార్ పేరు, ఇక్కడ మాదిగ పేరు తిట్టు. భౌగోళిక గుర్తింపు జాగకు పేరు ఇస్తుంది, మనిషికి ఇవ్వదు. ఉమ్మడి మెదక్ జిల్లాలోదే సిద్దిపేట గొల్లభామ చీర. దానికీ ఈ గుర్తింపు ఉంది. నెత్తిన కుండ పెట్టుకున్న శ్రామిక స్త్రీ బొమ్మ చీర మీద ప్రసిద్ధి. మగ్గం మీద ఆ బొమ్మ దించే మనిషి "చేనేత కార్మికుడు", దాన్ని ర్యాంపు మీదికి తెచ్చిన మనిషి "డిజైనర్".

ఇక్కడ మన వైపు నుంచే ఒక అభ్యంతరం వస్తుంది. తోలు పనిని ఇంత పొగిడితే మన పిల్లల్ని మళ్ళీ లంద దగ్గరికే పంపినట్టు కాదా? న్యాయమైన ప్రశ్న. పుట్టుకతో వచ్చిన వృత్తిని వదలలేని స్థితే కులం అని అంబేద్కర్ మనకు చూపించాడు. తానేమో సూటు తొడిగాడు. 1927 డిసెంబరులో మహద్ సభ అయినంక ఆడవాళ్ళతో మాట్లాడుతూ, అంటరానివాళ్ళని గుర్తుపట్టించే కట్టు మానండి, అగ్రకుల స్త్రీల లాగే చీర నిండుగా కట్టండి, ఆ బరువైన నగలు తీసేయండి అని చెప్పాడు. కట్టుబట్ట కులానికి బోర్డు అయినప్పుడు ఆ బోర్డును మార్చడం కూడా డిజైనే. ఆ రోజు మహద్‌లో చీర కట్టు మార్చిన తల్లులు ఏ సంస్థలోనూ చదవలేదు. తమ ఒంటి మీద ఏముండాలో తామే నిర్ణయించారు. డిజైనర్ అనే మాటకు నాకు దొరికిన సరైన అర్థం ఇదే. పని తెలిసి ఉండడం, ఆ పని మీద నిర్ణయం తనదై ఉండడం, ఆ పని వద్దనుకుంటే వదిలే హక్కు ఉండడం. మూడూ ఉండాలి. మొదటిది మనకు ఎన్నడో ఉంది. మిగతా రెండింటి కోసమే పోరాటం.

మళ్ళీ మెదక్ గల్లీకి వద్దాం. మన ఆడపిల్లలకు ప్రభుత్వ పథకాల కింద కుట్టుమిషన్లు పంచారు, ట్రైనింగు ఇచ్చారు. కుట్టడం నేర్పారు గాని ధర కట్టడం, నమూనా తయారుచేయడం, తన పేరు మీద అమ్మడం ఎక్కువ చోట్ల నేర్పలేదు. అందుకే చాలామంది పీసుకు ఇంత అని వేరేవాళ్ళ మగ్గం వర్కు కుడుతున్నరు. ఒక చెల్లెను అడిగిన, "ఈ పువ్వుల డిజైన్ ఎవరిదమ్మా?" అని. "నాదే అన్నా. కని షాపామె పేరు మీద పోతది" అన్నది. ఇంకేం వివరించలేదు, సూది ఆపలేదు.

అందుకని ఆ బోర్డు మీది "ఫ్యాషన్ డిజైనర్" అనే మాటను చూసి మనం నవ్వొద్దు. అది ఒక దావా. ఆ దావాను నిజం చేసే పని మన ముందుంది. ఉపాధ్యాయులు తోలు, బట్ట పనులను పాఠంగా చెప్పేటప్పుడు చేసినవాళ్ళ కులాన్ని దాచకుండా, ఆ కులానికే కట్టేయకుండా చెప్పాలె. డిజైన్ సంస్థల్లో చదివే మన విద్యార్థులు నమూనా కింద ఎవరి పేరు రాస్తున్నరో అడగాలె. కార్యకర్తలు మిషన్ల లెక్కతో ఆగకుండా, పీసు ధర ఎవరు కడుతున్నరో లెక్క తీయాలె. ఆ చెల్లె కుట్టిన పువ్వు కింద ఆమె పేరు పడేదాకా ఈ లెక్క తెగదు.