అమూల్య మల్లాది నేరపరిశోధక నవల: పాతబస్తీ వైపు నుంచి ఒక పరిశీలన

ఆంగ్లంలో రాసే తెలుగు నవలాకారులను మన శాఖలు సాధారణంగా ఆంగ్ల శాఖలకు వదిలివేస్తాయి. హైదరాబాదులోని ఉస్మానియాలో ఇంజనీరింగు, మెంఫిస్‌లో జర్నలిజం చదివి, చాలాకాలం డెన్మార్కులో నివసించిన రచయిత్రి అమూల్య మల్లాది విషయంలోనూ అదే జరిగింది. 2023లో వెలువడిన ‘ఎ డెత్ ఇన్ డెన్మార్క్’ ఆమె తొలి నేరపరిశోధక నవల. రెండు దశాబ్దాలు కుటుంబ కథలు రాసిన రచయిత్రి ఇప్పుడు దారి మార్చుకున్నారన్న అభిప్రాయం సులువుగా కలుగుతుంది. అది నిలవదని ఈ వ్యాసం వాదన.

‘ది మ్యాంగో సీజన్’ (2003) నిర్మాణాన్నే చూద్దాం. అమెరికాలో ఏడేళ్ళు ఉండి వచ్చిన ప్రియ, అమెరికన్ యువకునితో నిశ్చయించుకొన్న పెళ్ళిని దాచుకొని, ఆవకాయ పెట్టే రోజుల్లో అమ్మమ్మగారింట తిరుగుతుంటుంది. ఒకవైపు పెద్దలు ఆమెకు సంబంధం చూస్తుంటారు. రహస్యం ఎప్పుడు బయటపడుతుందన్న ఉత్కంఠే కథను నడిపిస్తుంది. సొంత ఇంట్లోనే మారువేషంలో ఉన్న గూఢచారి స్థితి ఆమెది. మామిడికాయల వాసనకు మురిసిన సమీక్షకులు ఈ సంగతిని అంతగా పట్టించుకోలేదనిపిస్తుంది.

భోపాల్ దుర్ఘటన నేపథ్యంగా వచ్చిన తొలి నవల ‘ఎ బ్రెత్ ఆఫ్ ఫ్రెష్ ఎయిర్’ (2002)లో ఒక వ్యక్తి నిర్లక్ష్యం, ఒక సంస్థ నిర్లక్ష్యం ఒకే రాత్రి కలుస్తాయి. ‘ది సౌండ్ ఆఫ్ లాంగ్వేజ్’ (2007)లో అఫ్ఘాన్ శరణార్థి రైహానా ఒక డేనిష్ తేనెటీగల పెంపకందారు వద్ద పనికి కుదురుతుంది. నేరనవలకు అసలు బీజం ఇక్కడే ఉంది.

‘ఎ డెత్ ఇన్ డెన్మార్క్’లో హతురాలు వలసదారులను వ్యతిరేకించే రాజకీయ నాయకురాలు సానె మెల్‌గార్డ్. శిక్షపడినవాడు ఇరాకీ శరణార్థి యూసుఫ్ అహ్మద్. దేశం నుంచి పంపివేయబడిన అతని కొడుకు ఇరాక్‌లో హతుడయ్యాడు. హత్యకు ఇంతకంటె స్పష్టమైన కారణం ఎవరికి కావాలి? మాజీ పోలీసు గాబ్రియెల్ ప్రెస్ట్ పరిశోధన మాత్రం నాజీ ఆక్రమణ కాలానికి (1940–45) దారితీస్తుంది. 1943లో యూదులను స్వీడన్‌కు దాటించి కాపాడామన్నది డేనిష్ జాతి గర్వం. మెల్‌గార్డ్ రాస్తున్న పుస్తకం అదే కాలంలోని సహకారుల కథ.

కొమ్మూరి సాంబశివరావు యుగంధర్, మధుబాబు షాడో నవలలు చదివి పెరిగిన తెలుగు పాఠకునికి ఇక్కడ తేడా వెంటనే తెలుస్తుంది. షాడో సి.ఐ.బి. ఏజెంటు, ముప్పు సాధారణంగా దేశానికి వచ్చేదే తప్ప దేశం నుంచి వచ్చేది కాదు. ప్రెస్ట్ వెదికే నేరస్థుడు జాతి చరిత్రలోనే దాగి ఉండవచ్చు.

అందుకే ఈ నవల చార్మినారు పరిసరాల్లో మరోవిధంగా పలుకుతుంది. 2007 మే 18న మక్కా మసీదులో జరిగిన పేలుడు తరువాత పలువురు ముస్లిం యువకులను నిర్బంధించారు. తరువాత కొందరు నిర్దోషులుగా విడుదలయ్యారు, ప్రభుత్వం పరిహారం ప్రకటించింది. పేరును బట్టి అనుమానం పుట్టడం ఆ వీధులకు కల్పన కాదు.

ఆ వీధుల నుంచి చదివినప్పుడే నవల లోపమూ కనబడుతుంది. యూసుఫ్ నిర్దోషిత్వం కథకు ప్రేరణ. కాని కథ శ్రద్ధంతా డేనిష్ అంతరాత్మ మీద, ప్రెస్ట్ మీద నిలుస్తుంది. ముస్లిం న్యాయవాది లైలా అబాదీ కేసును ప్రెస్ట్ చేతిలో పెడుతుంది. ఆ తరువాత వెలుగు అతనిదే. ‘ది మ్యాంగో సీజన్’లోనూ హైదరాబాదు ప్రధానంగా ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబపు నగరం, మూసీకి దక్షిణాన ఉన్న ఊరికి ఆ కథలో పని లేదు. కోపెన్‌హాగన్‌లో యూసుఫ్‌ను చూడగలిగిన రచయిత్రి తాను చదువుకున్న నగరంలో అతని ఇంటి తలుపు తట్టే నవల ఇంకా రాయవలసే ఉంది.